గవర్నమెంటు గోడకి మేకు కొట్టని మనిషి

పోయిన మంగళవారం మా ఊరి సొసైటీ ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టి, తల వంచి దాని మీద ఉఫ్‌మని ఊదాను. ఎదురుగా కూర్చున్న గుమస్తా నవ్వాడు. "బాల్ పెన్నండీ అది, ఆరబెట్టక్కర్లేదు," అన్నాడు. ఊదానని అప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ ఊదడం నాది కాదు. లాకుల దగ్గర ఉండే లస్కరుగారిది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ అలవాటు ఎప్పుడొచ్చి నా పెదాల మీద కూర్చుందో నాకు తెలియదు.

నేను పెట్టింది పూచీ సంతకం. వేరేవాళ్ళు తీసుకునే అప్పుకి, వాళ్ళు కట్టకపోతే నేను కడతానని రాసివ్వడం. జన్మలో ఎవరికీ అలాంటి సంతకం పెట్టనని మా ఆయన ముందు ఒట్టు వేసుకున్నదాన్ని. ఎవరి కోసం పెట్టానో తర్వాత చెబుతాను. ఆ ఆఫీసు మెట్లు దిగి కాలవ గట్టు మీద నడిచి వస్తుంటే, దారంతా ఆ లస్కరుగారే.

మా ఊరు పాలకొల్లుకి దగ్గర. బ్యాంకు పక్కన నాకో చిన్న జెరాక్సు షాపుంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాను. షాపు ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలవ, కాలవ మీద లాకులు. నీటి మట్టం చూసి ఆ లాకుల తలుపులు ఎత్తడం, దింపడం లస్కరు పని. ఆయన పేరు ఊళ్ళో సగంమందికి తెలియదు. లస్కరుగారంటే చాలు. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారనేవాడు, కోపం వచ్చినప్పుడు మాత్రం ఒట్టి అమ్మాయ్.

మోకాళ్ళ దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, చేతులు లేని బనీను, జేబు కోసం పైన ఒక తెల్ల చొక్కా. మాట్లాడేటప్పుడు మన మొహం చూడడు. నీళ్ళకేసి చూస్తూ మాట్లాడతాడు. మాట మధ్యలో ఆపేసి వెళ్ళిపోయి, తలుపు రెండు చుట్లు తిప్పి వచ్చి, మిగతా మాట చెబుతాడు. మొదట్లో విసుక్కునేదాన్ని, తర్వాత అలవాటైంది. ఆ సగం మాట దగ్గర నిలబడి కాలవ చూస్తూ ఉంటే, ఏ పని మీద వచ్చానో మర్చిపోయేదాన్ని. అప్పుడప్పుడు ఇనప తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అవతల నీళ్ళు ఎంత ఒత్తుతున్నాయో చేతికి తెలుస్తుందట. నేనూ ఒకసారి పెట్టి చూశాను. నా చేతికి తుప్పు అంటుకుంది, అంతే.

లాకుల పక్కన అడుగుల గుర్తులు చెక్కిన రాయి ఉంటుంది. దాన్ని గేజీ అంటారు. తెల్లవారగానే గేజీ చూసి పై ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పడం ఆయన మొదటి పని. ఆ చూపు ఇక దేన్నీ వదల్లేదు. గిన్నెలో పాలు, బావిలో నీళ్ళు, మనుషుల మొహాలు, అన్నిటికీ గేజీయే. నేను కస్టమర్ల మీద అరుస్తుంటే రోడ్డు అవతల నుంచి కేకేసేవాడు. "అమ్మాయిగారి గేజీ ఇవాళ పైకుందండోయ్, కిందోళ్ళు జాగ్రత్త!"

నీళ్ళ దగ్గర ఆయన కటికవాడు. రొయ్యల చెరువుల వాళ్ళు కార్లలో వచ్చి, ఒక్క పూట తలుపు అడుగు ఎత్తమని బతిమాలేవారు. "ఆర్డరు ఉండాలండి," అనేవాడు. ఒకాయన రొయ్యల బుట్ట లాకు మీద పెట్టి వెళ్ళాడు. సాయంత్రం దాకా ఆ బుట్ట అక్కడే ఉంది. ఈయన దాని పక్క నుంచి పదిసార్లు నడిచాడు, ముట్టుకోలేదు. పిల్లులు తిన్నాయి.

ఇంతటి మనిషి సంతకం దగ్గరికొచ్చేసరికి మెత్తబడిపోయేవాడు. ఆయనది పర్మనెంటు గవర్నమెంటు ఉద్యోగం. చిన్న జీతమే గాని, నెల నెలా వచ్చే జీతం. మా వైపు కాయితాలు సరిగ్గా లేనివాళ్ళు ఎందరో. వాళ్ళకి వాయిదాల మీద ఒక ఫ్రిజ్జో, బండో, ఫోనో కావాలంటే ఎవరో ఒకరు పేరివ్వాలి. కొన్నిటికి పూచీ, కొన్ని ఏకంగా ఈయన పేరు మీదే. ఆ తెల్ల చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, జీతం స్లిప్పు, పది జెరాక్సులు మడతపెట్టి ఎప్పుడూ సిద్ధం. కాగితం దేనికి, ఎంతకి అని అడగడు. "ఎక్కడ పెట్టాలి?" అంటాడు. పెడతాడు. ఉఫ్‌మని ఊదుతాడు. చిన్నప్పుడు సిరా పెన్ను అలవాటు, బాల్ పెన్ను వచ్చినా పోలేదు.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. "చెరువుల వాళ్ళకి చుక్క నీళ్ళు వదలరు, ముక్కూ మొహం తెలియనోళ్ళకి సంతకాలు పెడతారు, ఏంటి బాబాయిగారూ ఇది?"

కాలవ వైపు చూశాడు. వెళ్ళి తలుపు తిప్పి వచ్చాడు. "నీళ్ళు నావి కావు కదమ్మా," అన్నాడు. "పేరు నాదే కదా."

 

ఆయన ఉండేది లాకుల పక్కన లస్కరు క్వార్టర్సులో. రెండు గదులు, పెచ్చులూడిన గోడలు. ముప్ఫై ఏళ్ళు ఉన్నా ఆ గోడలకి ఒక్క మేకు కొట్టనివ్వలేదు. గవర్నమెంటు గోడ అట. క్యాలెండరు కిటికీ ఊచకి కట్టేవారు. దేవుడి పటాలు బల్ల మీద గోడకి ఆనించి ఉండేవి. గాలి గట్టిగా వస్తే దేవుళ్ళంతా బోర్లా పడేవారు. వాళ్ళావిడ, నేను పిన్నిగారూ అంటాను, వాళ్ళని లేపి నిలబెడుతూ గొణుక్కునేది. "సొంత గోడుంటే ఒక మేకు కొట్టుకుందునమ్మా. నాకింకేం అక్కర్లేదు. ఒక్క మేకు."

ఆవిడ గేదెల్ని మేపి, పాలు పోసి, కాలవ ఒడ్డునే మూడు సెంట్ల స్థలం కొంది. రిటైరైన రోజున క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. సర్వీసు రెండేళ్ళు మిగిలుండగా, ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ఆయన బ్యాంకులో అప్పుకి పెట్టాడు. అప్లికేషను నేనే నింపాను. ఆ కవరు నిండా ఎవరెవరి కోసమో తీసిన జెరాక్సులే. మొదటిసారి తన కోసం ఒకటి తీయించుకున్నాడు.

బ్యాంకు మేనేజరు మంచి కుర్రాడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "సార్, మీ క్రెడిట్ స్కోరు బాగా తక్కువగా ఉందండి. పాత బాకీలు చాలా చూపిస్తోంది. ఈ స్కోరుతో హోమ్ లోను ఇవ్వలేమండి," అన్నాడు.

"ఎంతుందండి గేజీ?" అన్నాడు ఈయన.

మేనేజరు నా వైపు చూశాడు. స్కోరు అడుగుతున్నారని చెప్పాను. అతను చెప్పిన అంకె విని లస్కరుగారు తలూపాడు. "వేసవి మట్టం," అన్నాడు. "జూన్లో నీళ్ళు వదులుతారు కదండీ. పెరుగుద్ది." నమస్కారం పెట్టి లేచాడు.

రిపోర్టు మొత్తం తీసి చూపించమని నా షాపుకి వచ్చాడు. ప్రింటు తీశాను. ఒక్కొక్క కాగితం బయటికి వస్తోంది. ఫ్రిజ్జు. మోటారు సైకిలు. రెండు ఫోన్లు. కుట్టు మిషను. ఆయన వేలు పెట్టి, ఇది ఫలానా వాళ్ళింట్లో ఉంది, ఇది ఫలానా అమ్మాయి దగ్గరుంది అని చెబుతున్నాడు, చుట్టాల ఫొటోలు చూపిస్తున్నట్టు. వాటిలో ఒక్క వస్తువూ ఆయనింట్లో లేదు. ఆఖరి కాగితం మీద జెరాక్సు మిషను అని ఉంది. పూచీదారు ఈయన. అయిదు వాయిదాలు కట్టలేదు.

అది నా మిషను. ఆ కాగితం అందులోంచే వచ్చింది.

షాపు పెట్టినప్పుడు మా ఆయన కాయితాలు చాలకపోతే ఈయనే సంతకం పెట్టాడు. కరోనా రోజుల్లో షాపు మూసేసి అయిదు నెలలు కట్టలేకపోయాను. తర్వాత మిగతావి కట్టాను, ఆ అయిదూ అప్పిచ్చిన కంపెనీ వాళ్ళు అడగలేదు కదా అని ఊరుకున్నాను. వాళ్ళు నన్ను అడగడం మానేసి, ఈయన్ని అడిగారు. "అమ్మాయి కడుతుంది, కాస్త ఆగండి," అని చెబుతూ వచ్చాడట. రోజూ రోడ్డు దాటి వచ్చి నా షాపులో కూర్చునేవాడు. ఒక్క రోజు, ఒక్క మాట నాతో అనలేదు.

సిగ్గుతో నా మొహం మండిపోయింది. కాగితాలు సర్దుతున్నాను. ఆయన ఆ ఆఖరి కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, "మిషను బాగా పనిచేస్తుందమ్మా. అక్షరం నల్లగా వచ్చింది," అన్నాడు.

ఆ వారమే నా బాకీ కట్టేసి, ఏమీ లేదని కాగితం తెచ్చుకున్నాను. కట్టగానే స్కోరు పెరగదని, నెలలు పడుతుందని మేనేజరు చెప్పాడు. లస్కరుగారు ఆ నెలల్ని ఊరికే పోనివ్వలేదు. ఒక ఆదివారం సాయంత్రం షాపు దగ్గరికి వచ్చి, "రండి అమ్మాయిగారూ, ఇల్లు చూద్దురుగాని," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. వెంట వెళ్ళాను. కాలవ ఒడ్డున వాళ్ళ స్థలం గడ్డి చెక్కి శుభ్రంగా ఉంది. నేల మీద, పునాది తవ్వే ముందు మేస్త్రీలు పోస్తారే, అలా తెల్లగా ముగ్గు గీతలు. తాళ్ళు కట్టి, చిల్లు పెట్టిన డబ్బాతో ఆయనే పోశాడట. సాయంత్రం ఎండ పల్చగా పడి ఆ గీతలు నేల మీద కొంచెం తేలినట్టు కనిపించాయి. నేను అడ్డంగా నడిచి మధ్యకి వెళ్ళబోయాను.

"అమ్మాయ్! గోడ! గోడలోంచి వస్తారేంటి?"

ఠక్కున ఆగిపోయాను. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. గోడలో ఇరుక్కున్నాను. ఇంకో గీతల గదిలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న పిన్నిగారు పగలబడి నవ్వింది. "గుమ్మం అటమ్మా, తూరుపేపు. చెప్పులు బయట విప్పు."

చుట్టూ తిరిగి, గీత తెగి ఉన్నచోట చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. నవ్వుకుంటూనే వెళ్ళాను గాని, లోపలికి అడుగు పెట్టగానే గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టాను, పరాయివాళ్ళింట్లో మాట్లాడినట్టు. హాల్లో కూర్చోబెట్టారు. వంటింట్లోంచి ఆవిడ టీ తెచ్చింది. ఆయన నన్ను ఒక గీత దగ్గరికి పిలిచాడు. అక్కడ రెండు తెల్ల చుక్కలు. "కిటికీ," అన్నాడు. "కూర్చుని చూడండి."

కూర్చుని చూశాను. పొద్దున్న లేస్తే నేను చూసే కాలవే. కానీ ఆ రెండు చుక్కల మధ్య నుంచి అది వేరేగా ఉంది. నీళ్ళు నెమ్మదిగా, ఎవరికోసమో కాదు, ఈ ఇంటి ముందు నుంచి వెళ్ళడం కోసమే వెళుతున్నట్టున్నాయి. ఒక గుర్రపుడెక్క గుంపు తిరుగుతూ పోయింది. ఆయనా నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. టీ చల్లారిపోయింది.

తొలకరి వానకి ఆ ఇల్లు కరిగిపోయింది. తెల్లగా చారలు కట్టి కాలవలోకి జారింది. నేను అయ్యో అంటే ఆయన నవ్వాడు. "ఎక్కడికి పోద్దమ్మా, నరసాపురం దాకా వెళ్ళుద్ది." వాన ఆగగానే మళ్ళీ పోశాడు. ఈసారి వంటిల్లు పిన్నిగారు చెప్పినట్టు రెండడుగులు పెంచాడు. తర్వాతి వానకి ఒక అరుగు వచ్చింది. ఆ తర్వాతి దానికి ఉయ్యాల బల్ల.

నాకు ఆయనంత నిదానం లేదు. మిగతా బాకీల సంగతి తేల్చాలని ఒక ఆదివారం ఆయన్ని నా స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. మొదట పాలకొల్లులో ఫ్రిజ్జు. బస్టాండు దగ్గర బండి మీద సోడాలమ్మే ఆవిడది. ఈయన సోడా తాగాడు, డబ్బులిచ్చాడు, చేతి వెనకతో మూతి తుడుచుకుని వచ్చి స్కూటీ ఎక్కాడు.

"సోడా తాగడానికి వచ్చామా బాబాయిగారూ?"

"చల్లగా ఉందమ్మా. ఇంత ఎండలో అంతమందికి చల్లగా పోస్తోంది. దాని ముందు నిలబడి ఏమని అడుగుతాం?"

పళ్ళు కొరుక్కుంటూ రెండో చోటికి తీసుకెళ్ళాను. భీమవరం రోడ్డులో, ఐసు మోసే ఒకతని ఇల్లు. అతను లేడు. మోటారు సైకిలు పశువుల పాకలో ఉంది. చైను లేదు. సీటు మీద గడ్డి, గడ్డి మీద కోడి. గుడ్లు పొదుగుతోంది. లస్కరుగారు దాన్ని చాలాసేపు చూశాడు. వేళ్ళ మీద ఏదో లెక్కేశాడు. "ఇంకో పది రోజులు పట్టుద్ది," అన్నాడు. "ఇప్పుడు కదిపితే గుడ్లు పాడైపోతాయి. పిల్లలయ్యాక వద్దాం."

దారంతా ఆయన్ని తిట్టాను.  అద్దంలో చూస్తే పంట బోదెల్లో పారే నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు, మొహంలో చిన్న నవ్వు.

తర్వాత నేనొక్కదాన్నే తిరిగాను. అరిచాను, బతిమాలాను. సోడాలావిడ రెండు నెలల్లో మొత్తం కట్టేసింది. కట్టిన రోజు కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన ఒక్క మాట అడగలేదండి. అడిగుంటే ఎప్పుడో కట్టేద్దును," అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ పట్టి పీడిస్తుంది. ఆయన్ని ముంచింది మేం కట్టకపోవడమా, ఆయన అడగకపోవడమా నేను తేల్చుకోలేదు. మిగతావాళ్ళూ ఒక్కొక్కళ్ళే కట్టారు. ఊరు విడిచిపోయిన ఫోనువాడి బాకీ మటుకు లస్కరుగారు తన పీఎఫ్‌లోంచి తీసి తనే కట్టుకున్నాడు.

ఏడాదిన్నర పైనే పట్టింది. మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాం. మేనేజరు కంప్యూటరు చూసి సంతోషంగా, "స్కోరు బాగా పెరిగిందండి," అన్నాడు. అంతలోనే మొహం మారిపోయింది. "కానీ సార్, మీ సర్వీసు ఇంక నాలుగు నెలలే ఉంది కదండీ. రిటైరయ్యాక పెన్షను మీద ఇంత లోను రాదండి."

లస్కరుగారు చాలాసేపు బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు, లాకు తలుపు మీద ఆనించినట్టే. "కాలవ నిండుగానే వచ్చిందండి," అన్నాడు. "కోతల టైముకొచ్చింది."

నాకు ఏడుపొచ్చింది. ఆ అయిదు వాయిదాలు నేను ముందే కట్టి ఉంటే ఇల్లు వచ్చేదని నేననుకుంటాను. రాకపోవచ్చు కూడా, మిగతావి ఉన్నాయిగా. అయినా నేనలాగే అనుకుంటాను.

రిటైరయ్యాక ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకున్నారు. ఆ గోడకీ మేకు కొట్టకూడదని ఇంటాయన ముందే చెప్పాడు. లాకుల దగ్గరికి ఇంకెవరో కాంట్రాక్టు మనిషి వచ్చాడు. ఈయన పొద్దున్నే వచ్చి గేజీ చూసి, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా నాకు చెప్పి వెళ్ళేవాడు. సాయంత్రాలు ఇద్దరూ స్థలంలో ఉండేవారు. ఇల్లు పెరుగుతూనే ఉంది. మూడు సెంట్లు చాలక, వరండా పక్క పొలం గట్టు దాకా వెళ్ళింది.

"అప్పు రాకపోవడమే మంచిదైందమ్మా," అన్నాడొకసారి. "వచ్చుంటే ఆ చిన్న ఇల్లే కట్టేసుందుం."

 పిన్నిగారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడ ఏమీ లేదు కాబట్టి, ఊరికే అటు తిరిగి నిలబడింది. ఆయన ఆ వీపుకేసి చూశాడు. అదొక్కసారే నేను ఆయన్ని నీళ్ళని కాక ఒక మనిషిని అంతసేపు చూడటం చూశాను.

వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసిన నెలలో పోయాడు. అడుగున బురద తేలి, గేజీ రాయి మొదలంటా బయటపడి ఉన్న రోజుల్లో. నీళ్ళున్నప్పుడైనా పోయుంటే బాగుండునని నాకెందుకో చాలా బాధగా ఉండేది. జూన్లో నీళ్ళు వదిలినరోజు షాపు కట్టేసి లాకుల మీదికి వెళ్ళి నిలబడ్డాను. గేజీ ఎంతుందో చూశాను. చెప్పడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు చెబుతాను, ఆ సంతకం పిన్నిగారి కోసం. ఆవిడకి సగం పెన్షను వస్తోంది. దాని మీద సొసైటీ వాళ్ళు చిన్న అప్పిస్తామన్నారు, ఒక గదికీ వంటింటికీ సరిపడా. పూచీ కావాలన్నారు. ఆవిడ నన్ను అడగలేదు. ఆయన భార్య కదా, అడగదు. సొసైటీ గుమస్తా వేరే పని మీద షాపుకొచ్చి చెబితే తెలిసింది. మా ఆయనకి చెప్పాను.  "మిషను సంగతి నాకూ గుర్తుంది. వెళ్ళు," అన్నాడు. వెళ్ళి, "ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

నిన్న పొద్దున మేస్త్రీ వచ్చి ముగ్గు పోశాడు. ఒకటే గది. ఆయన గీసిన హాల్లో సగం కూడా లేదు. నేను వెళ్ళేసరికి పిన్నిగారు లోపల నిలబడి ఉంది. గుమ్మం తూర్పున లేదు, రోడ్డు వైపు వచ్చింది. చుట్టూ తిరిగి వెళ్ళి, గీత తెగినచోట చెప్పులు విప్పాను.

ఆవిడ మేస్త్రీని అడుగుతోంది. "బాబూ, ఈ గోడకి మేకు దిగుద్దా?"

"గోడ లేవనివ్వండి పిన్నిగారూ," అన్నాడతను తాడు చుట్టుకుంటూ. "ఎన్ని కావాలంటే అన్ని దిగుతాయి. మీ గోడేగా."

ఆవిడ గీత దగ్గరికి నడిచింది. చెయ్యెత్తి, తన తలకి కొంచెం పైన, కాలవ వైపున్న గాలిలో ఒకచోట వేలు పెట్టి చూపించింది.

"ఆయన ఫొటోకి," అంది. "ఇక్కడ."